ముంచేది ఒక్క నిమిషం... మునగకుండా ఉండాలంటే?

రీల్స్‌లో ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. ఒక తొట్టె, నిండా నీళ్లు. నీళ్ల మీద పులిచారలో, కార్బన్ ఫైబర్ అల్లికో, పుర్రెల బొమ్మలో తేలుతుంటాయి. చేతులకు గ్లవుజులు వేసుకున్న కుర్రాడు బైకు మడ్‌గార్డును ఏటవాలుగా పట్టుకుని మెల్లగా నీళ్లలోకి దించుతాడు. పైకి తీసేసరికి ఆ బొమ్మంతా మడ్‌గార్డుకు చర్మంలా అతుక్కుని వస్తుంది. వంపుల్లో, మూలల్లో ఎక్కడా ముడత ఉండదు. పదిహేను సెకన్ల వీడియో. చూసిన కుర్రాళ్లు అడిగేది ఒకటే: 'అన్నా, కిట్టు ఎంత? ఎక్కడ దొరుకుతుంది?'

దీన్నే హైడ్రో డిప్పింగ్ అంటున్నాం. వాటర్ ట్రాన్స్‌ఫర్ ప్రింటింగ్ అన్నా ఇదే. 'డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వచ్చేలోపు ఇంటి వెనక షెడ్డులో ఇది మొదలుపెడితే ఎలా ఉంటుంది?' అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆలోచన చెడ్డది కాదు. చేతిపని నేర్చుకుని, సొంతంగా నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునే కుర్రాణ్ని వెనక్కి లాగడం మా ఉద్దేశమూ కాదు. కాకపోతే ఆ వీడియో చూపించని సంగతి ఒకటుంది. నీళ్లలో ముంచడం ఈ పనిలో చాలా చిన్న భాగం. అసలు పని అంతా దానికి ముందూ, ఆ తర్వాతా ఉంది. ఆ రెండు రోజుల పని రానివాడు నిమిషం పని కోసం కిట్టు కొంటే, బొమ్మతో పాటు పెట్టుబడీ మునుగుతుంది.

ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు. నా బండి మీద నేనే చూశాను.

చామదుంప తొక్కలా ఊడొచ్చింది

మూడేళ్ల కిందట నా బైకు సైడు ప్యానెళ్లకూ, డూముకూ, ముందు మడ్‌గార్డుకూ కార్బన్ ఫైబర్ డిజైను వేయించుకున్నాను. కొత్తగా షాపు తెరిచిన ఒక కుర్రాడి దగ్గర. ఇరవై రెండేళ్లుంటాయేమో. పని మీద ప్రేమ ఉన్నవాడు. ఇచ్చిన రోజున బండి ధగధగా మెరిసింది. ఆఫీసులో పదిమంది అడిగారు. నేనే ముగ్గురిని అతని దగ్గరికి పంపాను.

తొలకరి వానలకు మడ్‌గార్డు అంచున చిన్న పొర లేచింది. గోరుతో సవరించబోతే ఇంకాస్త లేచింది. దసరా నాటికి ఉడకబెట్టిన చామదుంప తొక్కలా మొత్తం ఊడిపోయి, కింద నల్ల ప్లాస్టిక్ బయటపడింది. నేను పంపిన ముగ్గురివీ అంతే. వెళ్లి అడిగితే పాపం అతనికీ కారణం తెలియదు. 'ఫిల్ములో ఏదో తేడా అన్నా, ఈసారి వేరేది తెప్పిస్తా' అన్నాడు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకూ, కార్లకూ నలభై ఏళ్లుగా రంగు వేస్తున్న ఒక మేస్త్రి దగ్గరికి ఆ మడ్‌గార్డు పట్టుకెళ్లాను. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు. తిరగేసి లోపలి వైపు చూశాడు. అక్కడ ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసిన రెండు చిన్న ఇంగ్లిష్ అక్షరాలున్నాయి: పీపీ. 'ఇది పాలీప్రొపిలీన్ బాబూ. దీనికి మామూలు ప్రైమర్ అతకదు. ముందు వేరే మందు కొట్టాలి. అది కొట్టలేదు. పైగా కింద పాలిష్ జిడ్డు కూడా తుడవలేదు' అన్నాడు. 'మరి డిజైను బాగానే పడింది కదా మేస్త్రిగారూ?' అంటే నవ్వాడు. 'కళ్లాపి చల్లకుండా ముగ్గేస్తే, వేసినప్పుడు బాగానే ఉంటుంది. గాలొస్తే కదా తెలిసేది?'

ఆ షాపు ఏడాది తిరక్కుండానే మూతపడింది. వాళ్లమ్మ గాజులు కుదువపెట్టి కొన్న కంప్రెసర్‌ను ఆ కుర్రాడు సగం ధరకు అమ్ముకున్నాడు. అతను మోసగాడు కాదు. బద్ధకస్తుడూ కాదు. నేర్చుకోవాల్సింది ఏమిటో అతనికి చెప్పినవాళ్లు లేరు, అంతే. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నీళ్ల మీద ఏం జరుగుతుంది?

నీళ్ల మీద రంగులు తేల్చి కాగితం మీదికి ఎక్కించడం మనకు కొత్తేం కాదు. పదిహేడో శతాబ్దంలో దక్కన్‌లో, బీజాపూర్ సుల్తానుల కాలపు చిత్రకారులు ఇలా మార్బ్లింగ్ కాగితాలతో బొమ్మలే కట్టారు. యంత్ర భాగాలకు సరిపోయే ఇప్పటి పద్ధతి మాత్రం జపాన్‌ది. క్యూబిక్ ఇంజినీరింగ్ అనే సంస్థకు చెందిన మొటొయాసు నకనిషి 1982లో అమెరికాలో దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. కార్ల డ్యాష్‌బోర్డుల్లో చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పట్టీలు చాలావరకు ఈ పద్ధతిలో తయారైనవే.

సూత్రం తేలికైనదే. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థంతో చేసిన పల్చటి ఫిల్ము ఉంటుంది. అది నీళ్లలో కరుగుతుంది. దాని మీద డిజైను అచ్చేసి ఉంటుంది. సుమారు 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్ల మీద దాన్ని పరుస్తారు. ఏ వైపు కిందికి ఉండాలో తెలియాలంటే తడి వేళ్ల మధ్య ఫిల్ము మూల పట్టుకు చూడండి. వేలికి అతుక్కున్న వైపు నీళ్ల మీదికి. ఒక చివర నుంచి మెల్లగా పరిస్తే కింద గాలి బుడగ చేరదు. ఒక నిమిషం నానాక యాక్టివేటర్ అనే ద్రావకాన్ని పైన సన్నగా స్ప్రే చేస్తారు. ఫిల్ము మీది ఇంకు కరిగి, అద్దంలా మెరుస్తూ నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు భాగాన్ని 35 నుంచి 45 డిగ్రీల వాలుతో, ఆగకుండా, తొందరపడకుండా దించాలి. నీటి ఒత్తిడే ఇంకును అన్ని వంపుల్లోకీ నెడుతుంది. పైకి తీసే ముందు నీళ్ల మీద మిగిలిన ఫిల్మును పక్కకు తోసేయాలి. లేదంటే అదీ అతుక్కుని వస్తుంది.

యాక్టివేటర్ తక్కువైతే ఇంకు కరగక డిజైను చిరుగుతుంది. ఎక్కువైతే నీళ్లలో పోసిన సిరాలా సాగిపోతుంది. ఈ అంచనా పది, ఇరవై సార్లు చేస్తే చేతికి వస్తుంది. పాత సామాన్ల కొట్లో దొరికే విరిగిన మడ్‌గార్డులు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు దీనికి చాలు. ఎవరి కొత్త బండో పాడుచేసి నేర్చుకోవాల్సిన పనిలేదు.

రెండు రోజుల పని

ఇక అసలు పనికొద్దాం. బండి నుంచి విప్పిన భాగాన్ని ముందు సబ్బు నీళ్లతో కడగాలి. తర్వాత జిడ్డు తీసే ద్రావకంతో తుడవాలి. మనవాళ్లు బండ్లకు పూసే మెరుపు పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. అది రవ్వంత మిగిలినా పైన కొట్టిన రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది. ఆ తర్వాత వాటర్ పేపర్‌తో రుద్దాలి. గీతలుంటే పుట్టీ పెట్టి మళ్లీ రుద్దాలి. భాగం వెనక ఏబీఎస్ అని ఉందా, పీపీ అని ఉందా చూడాలి. ఏబీఎస్ అయితే ప్లాస్టిక్ ప్రైమర్ పట్టుకుంటుంది. పీపీ అయితే ముందు అడ్హీషన్ ప్రమోటర్ కొట్టి తీరాలి. ఇనుమైతే తుప్పు పూర్తిగా పోవాలి.

ప్రైమర్ ఆరాక బేస్ కోటు. కార్బన్ ఫైబర్ డిజైనుకు వెండి రంగో, బూడిద రంగో, చెక్క డిజైనుకు లేత గోధుమ రంగో... ఫిల్ములో ఖాళీగా ఉన్న చోట్ల కనిపించేది ఈ రంగే. ఒకే ఫిల్ముకు కింద రంగు మారిస్తే వస్తువే మారిపోయినట్టు ఉంటుంది. మీ అభిరుచి కనిపించేది ఇక్కడే.

ముంచిన తర్వాత గోరువెచ్చని నీళ్లతో, ఒత్తిడి లేకుండా కడగాలి. చేతికి జారుడు తగలనంత వరకు కడగాలి. ఆ జారుడు కరిగిన ఫిల్ముది. అది మిగిలిపోతే పైన కొట్టే క్లియర్ కోటు పట్టుకోదు. కొత్తవాళ్లు చేసే పనిలో పొరలు లేవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. పూర్తిగా ఆరాక క్లియర్ కోటు.

ఈ క్లియర్ దగ్గరే చాలామంది కక్కుర్తి పడతారు. చిన్న డబ్బాలో వచ్చే మామూలు స్ప్రే క్లియర్ చవక. కానీ దాని మీద పెట్రోలు చుక్క పడితే కరిగిపోతుంది. ట్యాంకు మూత చుట్టూ బొమ్మ ముందుగా పోయేది అందుకే. హార్డెనర్ కలిపి కొట్టే టూకే క్లియర్ పెట్రోలుకు తట్టుకుంటుంది. ఎండకు రంగు వెలవకుండా ఉండాలంటే అతినీలలోహిత కిరణాలను ఆపే రకం కావాలి. రోజంతా ఎండలో బండి నిలిపే ఊళ్లు మనవి. ఇక్కడ మిగిల్చిన వంద రూపాయలు మర్నాడు మీ పేరు పోగొడతాయి.

మన ఎండలకు తగ్గ జాగ్రత్త

విదేశీ వీడియోల్లో నీళ్లు వేడి చేయడానికి హీటర్ పెడతారు. అది చూసి మనవాళ్లూ పెడుతున్నారు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటాయి. ఆ నీళ్ల మీద పరిస్తే ఫిల్ము మీరు యాక్టివేటర్ అందుకునేలోపే సాగి చెదిరిపోతుంది. వేసవిలో మనకు కావాల్సింది హీటర్ కాదు, నీళ్లు చల్లారనిచ్చే ఓపిక. అదే సంక్రాంతి రోజుల్లో ఆదిలాబాద్‌లోనో, పాడేరులోనో అయితే నీళ్లు కాచక తప్పదు. రెండు వందల రూపాయల థర్మామీటరు ఈ పనిలో మంచి నేస్తం.

తీర ప్రాంతం వాళ్లకు ఇంకో చిక్కు. ఫిల్ము నీళ్లలో కరిగే పదార్థం కాబట్టి గాలిలో తేమను కూడా పీలుస్తుంది. విశాఖలోనో, కాకినాడలోనో, నెల్లూరులోనో రోల్ విప్పి బల్ల మీద వదిలేస్తే వారంలో మెత్తబడి అంటుకుపోతుంది. వాడగానే గాలి చొరని సంచిలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి మూయాలి. అప్పడాల డబ్బా ఎలా దాస్తామో అలాగన్నమాట.

ఏవి ముంచకూడదు?

పనివాడి తెలివి 'ఇది చేస్తాను' అనడంలో కంటే 'ఇది చేయను' అనడంలో ఎక్కువ తెలుస్తుంది. ఈ పనిలో అలా అనాల్సిన వాటిలో మొదటిది హెల్మెట్.

డిజైను వేయమని ఎక్కువగా తెచ్చేదీ అదే. చాలా హెల్మెట్ల పైచిప్ప పాలీకార్బొనేట్‌తోనో, ఏబీఎస్‌తోనో చేస్తారు. థిన్నరు, యాక్టివేటరు లాంటి ద్రావకాలు ఆ ప్లాస్టిక్‌ను లోలోపల పెళుసుగా మార్చగలవు. లోపలి థర్మోకోల్ లాంటి పొరకు తగిలితే అది కరిగే పోతుంది. పైకి ఏమీ కనిపించదు, మెరుస్తూనే ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడే తెలుస్తుంది. ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు ఐఎస్ 4151 ప్రమాణం ఉంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నిషేధం. ఆ ప్రమాణానికి పరీక్షించింది కంపెనీ నుంచి వచ్చిన హెల్మెట్‌ను, మీరు ద్రావకం కొట్టినదాన్ని కాదు. డబ్బిస్తానన్నా వద్దనండి. నచ్చిన బొమ్మ ఉన్న హెల్మెట్ కంపెనీలే అమ్ముతున్నాయి, కొనుక్కోమనండి. క్రికెట్ హెల్మెట్‌కూ ఇదే మాట.

రెండోది బ్రేకులు. డిస్కు మీద, ప్యాడ్ల మీద ఏ పూతా ఉండకూడదు. బ్రేకు లివర్ ముంచాలనుకుంటే బోల్టు తిరిగే చోటును పూర్తిగా కప్పాలి. ప్రైమర్, రంగు, ఇంకు, క్లియర్ కలిసి మందమవుతాయి. ఆ మందానికి లివర్ బిగుసుకుంటే ప్రమాదం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. ముందు ఫోర్కుల్లో పైకీ కిందికీ జారే గొట్టాలు, మరలున్న చోట్లు, బేరింగులు కూర్చునే చోట్లు కూడా అంతే. బోల్టు బిగించే చోట రంగు మందంగా ఉంటే అది నలిగి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. సైలెన్సర్ వేడికి ఈ ఇంకు నిలవదు. అల్లాయ్ వీల్స్ అనుభవం వచ్చేదాకా వద్దు. ఉన్న పగులును పూత కప్పేస్తుంది.

మరి మిగిలేవేమిటి? చాలానే ఉన్నాయి. సైడు ప్యానెళ్లు, మడ్‌గార్డులు, డూము, అద్దాల వెనక డొప్పలు, చైను కవరు... వీటిలో చేతి నైపుణ్యం చూపించడానికి బోలెడంత చోటుంది. పెట్రోలు ట్యాంకు మాత్రం పూర్తిగా ఖాళీ చేసి, ఆవిరి పోయేదాకా ఆరబెట్టి, నోళ్లన్నీ మూశాకే ముట్టుకోవాలి.

బండ్లు కాకపోతే

నిజానికి కొత్తగా నేర్చుకునేవాళ్లకు బండ్ల కంటే హాబీ వస్తువులే మంచి బడి. వాటికి వానా ఉండదు, పెట్రోలూ తగలదు, ప్రాణాల మీదికీ రాదు. కంప్యూటర్ కేబినెట్ పలకలు, గేమ్ కంట్రోలర్ డొప్పలు, రిమోట్ కార్ల విడిభాగాలు, గిటారు బాడీలు... వీటికి ఊరూరా కుర్రాళ్లున్నారు.

ఇక్కడా కొన్ని మెళకువలున్నాయి. కంట్రోలర్‌ను విప్పి, డొప్పను మాత్రమే ముంచాలి. మీటల చుట్టూ ఉన్న సందు వెంట్రుకవాసి ఉంటుంది. రంగు మందమైతే నొక్కిన మీట పైకి రాదు. గిటారుకు బాడీ వరకే, వేళ్లు ఆడే మెడ జోలికి వెళ్లొద్దు. చెక్క నీళ్లు పీలుస్తుంది కాబట్టి ముందు సీలర్‌తో అన్ని వైపులా మూయాలి. డ్రోన్లయితే పైడొప్ప ఒక్కటే. రెక్కలకు పూత పడితే బరువు అటూ ఇటూ అయి వణుకు పుడుతుంది. దాని మీద ఉన్న గుర్తింపు సంఖ్యను కప్పేయకూడదు.

ఊపిరి ఒక్కటే

ఇది చదివి మిగతాదంతా మర్చిపోయినా ఈ భాగం మర్చిపోవద్దు. యాక్టివేటర్‌లో టాలిన్, జైలిన్ లాంటి ద్రావకాలుంటాయి. వాటి ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటుంది. బాత్రూమ్‌లో తొట్టె పెట్టి చేసేవాళ్లను చూశాను. పక్కనే గ్యాస్ గీజరు. ఇంకేమన్నా కావాలా?

టూకే క్లియర్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. స్ప్రే పెయింటర్లకు ఉబ్బసం రావడానికి వైద్యులు గుర్తించిన పెద్ద కారణాల్లో అవొకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కాస్త పీల్చినా ఆయాసం వస్తుంది. అప్పుడిక ఈ వృత్తే వదిలేయాలి.

కోవిడ్ రోజుల ఎన్95 మాస్కు ఇంట్లో ఉంది కదా అనుకోకండి. అది తుంపర్లను, దుమ్మును ఆపుతుంది. ద్రావకాల ఆవిరిని ఆపలేదు. గుడ్డ కట్టుకోవడం అసలు లెక్కలోకే రాదు. ద్రావకాల ఆవిరికని ప్రత్యేకంగా అమ్మే గుండ్రటి క్యాట్రిడ్జిల మాస్కు కావాలి. వాటినీ గడువు ప్రకారం మార్చాలి. రోజూ టూకే కొట్టే చోట బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు పెట్టడమే సరైన పద్ధతి. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవుజులు, గాలిని బయటికి తోసే ఫ్యాను తప్పనిసరి. ఇవి కొనడానికి డబ్బు లేకపోతే, ఈ పని మొదలుపెట్టడానికి కూడా డబ్బు లేనట్టే లెక్క.

తొట్టెలో మిగిలిన నీళ్లను వీధి కాలువలోకో, చెరువులోకో వదలకండి. తేలే ఇంకును తీసేసి, వడకట్టి, ఆ చెత్తను ఆరబెట్టి విడిగా పారేయాలి. నీళ్లను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కూడా.

రంగుకూ రూలుంది

బండి రంగు ఆర్సీలో రాసి ఉంటుంది. ఒక మడ్‌గార్డో, అద్దం డొప్పో వేరు. ట్యాంకుతో సహా బండి రూపమే మారిపోయేలా చేస్తే తనిఖీలో ఆపుతారు, అమ్మేటప్పుడూ తంటా. ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, అవసరమైతే మార్పు నమోదు చేయించుకోమని కస్టమర్‌కు చెప్పడం మీ బాధ్యత.

మిలిటరీ డిజైన్ల మీద మోజు పడేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే మోటారు వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతోంది. ఆకులు, మచ్చల డిజైను ఫిల్ములు మార్కెట్లో బాగా అమ్ముడయ్యే రకం. దొరుకుతోంది కదా అని అమ్మితే తిట్లు మీకే. నంబరు ప్లేటును, చాసిస్ నంబరును తాకనే వద్దు.

లెక్క కాగితం మీద పెట్టండి

ఫిల్ము ధర చూసి, మీటరుకు ఇంత, మడ్‌గార్డుకు ఇంత అని రేటు చెప్పేవాళ్లే ముందు మునుగుతారు. విప్పడం, కడగడం, రుద్దడం, ప్రైమర్, బేస్, ముంచడం, కడగడం, క్లియర్, బిగించడం... ఒక్కో దానికి ఎన్ని గంటలో రాసుకోండి. ఆ గంటలకు మీ ఊళ్లో పెయింటర్ కూలి ఎంతో ఆ లెక్క కట్టండి. వాటర్ పేపర్లు, థిన్నరు, క్యాట్రిడ్జిలు, కరెంటు, షెడ్డు అద్దె కలపండి. మొదటి ఏడాది ఐదింటిలో ఒకటి పాడై మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుందని వేసుకోండి. అప్పుడు వచ్చిన రేటు మీ ఊరి కుర్రాళ్లు ఇస్తారా? అడిగి చూడండి. ఇవ్వరనుకుంటే ఇది మీకు హాబీ. తప్పేం లేదు, హాబీగానే ఉంచుకోండి.

అప్పు కావాలంటే దారి ఉంది. 2015 ఏప్రిల్ 8న మొదలైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు పూచీకత్తు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. కానీ పూచీకత్తు లేనంత మాత్రాన అది ఊరికే వచ్చిన డబ్బు కాదు. పని చేతికి వచ్చాకే అప్పు. ఈ వరుస తారుమారు చేయొద్దు.

ముందు పెయింటర్ అవ్వండి

మా సలహా సూటిగా చెబుతాం. హైడ్రో డిప్పింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు పెయింటింగ్ నేర్చుకోవాలి. ఐటీఐల్లో పెయింటర్ జనరల్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. వాహనాల పెయింటింగ్‌లో తక్కువ కాలపు శిక్షణలకు ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ప్రమాణాలు పెట్టింది. అదీ కుదరకపోతే ఆటోనగర్‌లోనో, మీ ఊరి కార్ల షెడ్డులోనో ఒక మంచి మేస్త్రి దగ్గర ఆరు నెలలు చేరండి. మొదటి నెలంతా వాటర్ పేపర్ రుద్దిస్తాడు. విసుగొస్తుంది. ఆ రుద్దడమే రేపు మీ పని ఊడకుండా నిలబెడుతుంది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. డిప్పింగ్ మోజు రేపు తగ్గొచ్చు. స్టిక్కర్లు, ర్యాపింగులు వచ్చి దీన్ని పక్కకు నెట్టొచ్చు. రంగు వేయడం వచ్చినవాడికి మాత్రం పని పోదు. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీ వైపు ఇసుజు, హీరో లాంటి వాహన కర్మాగారాలు మన దగ్గరే ఉన్నాయి. ప్రమాదాల్లో సొట్టపడ్డ కార్లు ఊరూరా సర్వీస్ సెంటర్లకు వస్తూనే ఉంటాయి. వరల్డ్ స్కిల్స్ పోటీల్లో కార్ పెయింటింగ్ ఒక విభాగం. అంటే ప్రపంచం దాన్ని ఒక విద్యగా గుర్తించింది. మనమే ఇంకా 'రంగులేసేవాడు' అని తేలిగ్గా అంటున్నాం. కొడుకు పెయింటర్ అని చెప్పుకోవడానికి మొహమాటపడే తల్లిదండ్రులూ ఈ మాట చెవిన వేసుకోవాలి.

షాపు మూసేసిన ఆ కుర్రాడు ఇప్పుడు ఒక సర్వీస్ సెంటర్ పెయింటు విభాగంలో పనిచేస్తున్నాడు. ఈమధ్య కలిశాడు. నా మడ్‌గార్డు గురించి నేను ఎత్తలేదు, తనే ఎత్తాడు. 'అప్పుడు ఫిల్ము తేడా అన్నాను కదన్నా. ఫిల్ము మంచిదే. కింద నేనేం చేయలేదు' అన్నాడు. గాజులు విడిపించాడట. ఆదివారాలు మేస్త్రి షెడ్డులో గిటార్లు, కంప్యూటర్ డొప్పలు ముంచుతున్నాడట. తొందరేం లేదన్నాడు.

కిట్టు కోసం దాచిన డబ్బు మీ దగ్గర ఉంటే, దాన్ని అలాగే ఉంచండి. ముందు ఒక వాటర్ పేపర్, ఒక పాత మడ్‌గార్డు తెచ్చుకోండి. తిరగేసి, వెనక ఏ అక్షరాలున్నాయో చూడండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.